మూడో అంతస్తు అన్నయ్యగారు

లేడీస్ హాస్టలు, పై గది
మంగళవారం

వదినకి,

క్షేమంగా చేరాను. ఆ మాట ఫోన్లో చెప్పొచ్చుగా అంటావు. ఫోను మోగితే చాలు, మా అన్న స్పీకరు పెట్టి "గుడ్డ ఎంత పడుతుంది? గుడ్డ ఎంత పడుతుంది?" అని మధ్యలో దూరతాడు. మనిద్దరం మాట్లాడుకోవడానికి ఒక్క మాట మిగలనివ్వడు. అందుకే గుడ్డ శాంపిళ్ళ మూట బస్సు పార్సిల్లో వేసినప్పుడల్లా లోపల ఒక ఉత్తరం పెడతాను. మూట నువ్వే విప్పు. జవాబు కూడా అలాగే పంపు.

మనం చిన్నప్పుడెప్పుడో చూసిన ఊరు ఇది కాదు వదినా. దాన్ని ఎవరో మడతపెట్టి దాచేసి, దాని చోట్లో వేరే ఊరు పరిచారు. రోడ్డు మీద ఇంకో రోడ్డు, దాని మీద రైలు. కింద నడిచేవాళ్ళకి ఆకాశం చీలికలు పీలికలుగా కనపడుతుంది. నేను దిగిన వీధిలో నిన్న బస్సు ఇటు నుంచి అటు వెళ్ళింది, ఇవాళ అటు నుంచి ఇటు వస్తోంది. అడిగితే "రాత్రికి రాత్రి మార్చారండీ" అన్నాడు పేపరు కొట్టాయన, వాతావరణం సంగతి చెప్పినట్టు.

రైలుకి టికెట్టు అడిగితే చొక్కా గుండీ లాంటి బిళ్ళ చేతిలో పెట్టారు. బాగుంది, దాచుకుందాం అనుకున్నాను. దిగాక గేటు దాన్ని మింగితే గానీ బయటికి వదలదట! నేను ఇవ్వను, అది వదలదు. వెనక జనం గొణుగుడు. తల ప్రాణం తోకకొచ్చింది.

ఇక మనకి వచ్చిన ఆర్డరు సంగతి. రైలు సరిగ్గా మూడో అంతస్తు ఎత్తున పోతుంది. ఎక్కితే ఊరు చూడొచ్చనుకున్నాను. ఊరు కాదు, ఇళ్ళు కనపడుతున్నాయి. ఒకావిడ తల దువ్వుకుంటోంది, ఒకడు ఫ్రిజ్ తెరిచి నిలబడే తింటున్నాడు. ఒకాయన పళ్ళు తోముకుంటూ ఆ బ్రష్షుతోనే నాకు టాటా చెప్పాడు. పలకకపోతే బాగుండదని నేనూ చెప్పాను. పాపం, ఆ అపార్టుమెంటు వాళ్ళ పరువంతా పట్టాల పక్కన పడింది. అందుకే వాళ్ళ ప్రెసిడెంటుగారు పట్టాల వైపు కిటికీలన్నిటికీ కర్టెన్లు కుట్టమని మనల్ని పిలిచింది.

ఒక్కటే బెంగ. ఇక్కడ ఎవర్నైనా "అన్నయ్యా, బాబాయ్" అని పిలిస్తే తల తిప్పేవాడు లేడు. అందరి చెవుల్లోనూ ఏవో బిరడాలు. రెండు వారాల్లో కొలతలు తీసి, కుట్టించి, తగిలించి వచ్చేస్తాను.

నీ మరదలు


షాపు, కత్తిరింపు బల్ల మీంచి
శనివారం

మరదలు పిల్లకి,

మూట నేనే విప్పాను. మీ అన్న "గుడ్డలో కాగితమేంటి?" అన్నాడు. "వాషింగు సూచనలు" అన్నాను. నమ్మాడు.

నువ్వు వెళ్ళిన మర్నాడే ఘనకార్యం చేశాడు. పళ్ళ డాక్టరుగారి క్లినిక్ కర్టెన్లు తనే కత్తిరించాడు. ఒక రెక్క మోకాలి దాకా ఉంది, ఇంకో రెక్క నేల ఊడుస్తోంది. "ఇది కొత్త ఫ్యాషనా?" అని డాక్టరుగారు అడిగితే "అవునండీ, సిటీలో ఇప్పుడంతా ఇదే" అన్నాడట. ఇప్పుడు డాక్టరుగారి తమ్ముడు కూడా అలాంటివే కావాలంటున్నాడు. ఎవర్ని తిట్టాలో తెలియక కుట్టు మిషన్ని తిట్టాను.

ఊళ్ళో వాళ్ళందరితో చుట్టరికం కలపకే. ఇక్కడ కూరలమ్మేవాడి దగ్గర్నుంచి కరెంటు బిల్లు తెచ్చేవాడి దాకా నీకు అన్నయ్యలే. వాళ్ళకి నీ సంగతి తెలుసు కాబట్టి సరిపోయింది. అక్కడెవడైనా నిజమనుకుంటే?

తొందరగా రా. నువ్వు లేకపోతే పని సంగతి అలా ఉంచు, మీ అన్న చేసే పనులకి నాతో కలిసి నవ్వేవాళ్ళు లేరు. ఒక్కదాన్నే నవ్వుకుంటుంటే ఎదురు షాపు ఆవిడ అదోలా చూస్తోంది.

వదిన


లేడీస్ హాస్టలు
శుక్రవారం

వదినకి,

బ్రష్షు ఆయన దొరికాడు!

మూడో అంతస్తులో చివరి ఇల్లు. డ్రైవింగ్ స్కూల్లో మాస్టారట. అందరూ కొలతలు తీసుకోమంటే ఈయన మాత్రం కర్టెను వద్దే వద్దన్నాడు. "పొద్దున రైల్లో వెళ్ళేవాళ్ళు నాకు చెయ్యి ఊపుతారండీ. రేపట్నుంచి గుడ్డ కట్టేసుకుంటే ఏమనుకుంటారు, అలిగాననుకోరూ?" అన్నాడు. పగలు పక్కకి లాగేసుకోవచ్చు బాబూ, దానికే కదా రింగులున్నది అని నచ్చచెప్పేసరికి నా గొంతు పోయింది.

సరే, కొలుద్దామని స్టూలెక్కాను. స్టూలు ఒకటే ఊగుతోంది. అలవాటు కొద్దీ "అన్నయ్యగారూ, కాస్త పట్టుకోండి" అన్నాను. ఆయన ఒక్క క్షణం నా వంక చూసి, "సరేనమ్మా" అని వచ్చి పట్టుకున్నాడు. ఈ ఊరొచ్చాక నేను వరస కలిపితే పలికిన మొదటి మనిషి. నాకెంత సంతోషమేసిందో!

ఈయన అలవాటు చూసి నవ్వాపుకోలేకపోయాను. కుర్చీలో కూర్చుని మాట్లాడుతూనే ఉంటాడు. బయట రైలు స్టేషన్లో ఆగడానికి కీచుమంటే ఈయన కుడికాలు టక్కున నేలని తొక్కుతుంది. కారులో నేర్చుకునేవాళ్ళ పక్కన కూర్చుని బ్రేకు తొక్కీ తొక్కీ ఆ కాలు అలా అయిపోయిందట. నేను స్టూలు దిగేటప్పుడు కూడా తొక్కాడు.

భార్య పోయి చాలా ఏళ్ళయిందట. నేను అడగలేదు, ఆయనే చెప్పాడు. అడిగాననే అనుకో, అందులో తప్పేముంది?

గదికొచ్చి చూసుకుంటే ఆ ఒక్క కిటికీకి పొడుగు చోట వెడల్పు, వెడల్పు చోట పొడుగు రాశాను. రేపు మళ్ళీ వెళ్ళి కొలవాలి.

నీ మరదలు


షాపు
సోమవారం

మరదలు పిల్లకి,

నువ్వు కొలత తప్పావా? నువ్వు! కళ్ళు మూసుకుని గుమ్మం దాటినా ఆ గుమ్మం వెడల్పు చెప్పే నువ్వు! మీ అన్నకి చెబితే నీకు జ్వరమేమో కనుక్కోమన్నాడు. నేనూ అదే అనుకుంటున్నాను. ఏ రకం జ్వరమో మాత్రం ఆయనకి చెప్పలేదు.

అపార్టుమెంటులో ఇంకా బోలెడు కిటికీలున్నాయి కదా, వాటి సంగతి నీ ఉత్తరంలో ఒక్క ముక్క లేదేం? నాలుగు పేజీల్లో ఆ మాస్టారి కాలే ఒక పేజీ తొక్కేసింది.

అయినా నాకేం దిగుల్లేదులే. అన్నయ్యగారు అన్నావు కదా. నీకు అన్నయ్యంటే నాకు బావగారో మరిదిగారో అవుతారు. వయసెంతో కనుక్కుని రాయి, ఎదురుపడితే కొంగు సర్దుకోవాలో, వేళాకోళం ఆడాలో నిర్ణయించుకుంటాను.

వదిన


లేడీస్ హాస్టలు
గురువారం

వదినకి,

నీకు వేళాకోళం ఎక్కువైంది. పని మీదే ఉన్నాను. కుట్టేవాళ్ళు ఆలస్యం చేశారు, అందుకే రెండు వారాలు కాస్తా సాగాయి. కిటికీల గురించి రాయలేదన్నావు కాబట్టి రాస్తున్నాను: కిటికీలు బాగున్నాయి.

మొన్న రైలుకి కొత్త మార్గం తెరిచారు. అటువైపే కర్టెను రాడ్లు దొరికే దుకాణం ఉంది. దారి తెలియదన్నాను. తనకీ అటే పనుందని ఆయన వచ్చారు. ఏం పనో అడిగితే దారిలో గుర్తొస్తుందన్నారు.

ఈ ఊరు తనతో ఆడుకుంటోందంటారు ఆయన. సోమవారం ఒక మలుపు నేర్పిస్తే శుక్రవారానికి ఆ మలుపు ఉండదట. ఒకసారి కొత్త ఫ్లైఓవరు మీద ఎక్కడ దిగాలో తెలియక, శిష్యుడితో సహా వెళ్ళి వెళ్ళి విమానాశ్రయంలో తేలారు. "మాస్టారూ, ఇక్కడికెందుకొచ్చాం?" అని వాడు అడిగితే "పార్కింగు పాఠానికి" అన్నారట. పాఠం చెప్పి మరీ తీసుకొచ్చారట!

స్టేషన్లో ఒక సంగతి జరిగింది. చెప్పకూడదనుకున్నాను, చెప్పకపోతే కడుపు ఉబ్బేలా ఉంది. లోపలికి వెళ్ళేచోట సంచులు చూస్తారు. మగవాళ్ళు ఒక వరస, ఆడవాళ్ళు ఒక వరస. మాటల్లో పడి ఆయన వెనకే నిలబడ్డాను. అక్కడున్న గార్డు పిల్ల గట్టిగా, "అమ్మా, ఆయనది మీ వరస కాదు!" అని అరిచింది.

నాకు ఒళ్ళు మండింది. "ఏ వరసో నాకు తెలుసులే" అన్నాను.

"తెలిస్తే మరి వరస మార్చుకోండి! ఎంతసేపిలా నిలబడతారు, వెనక జనం ఆగిపోయారు" అంది.

ఆయన ఎంత నవ్వారంటే చేతిలో బిళ్ళ జారి కింద పడిపోయింది. నేను పక్క వరసలోకి వెళ్ళాను. రైల్లో ఎదురెదురుగా కూర్చున్నాం కానీ, దిగేదాకా ఇద్దరం కిటికీలోంచే చూశాం. అది సొరంగం మార్గం వదినా. బయటంతా చీకటి, చూడ్డానికేమీ లేదు.

నీ మరదలు


షాపు
శనివారం

మరదలికి,

ఉత్తరం మొదటి నుంచి చివరి దాకా వెతికాను. అన్నయ్యగారు ఎక్కడా కనపడలేదు. ఎవరో "ఆయన" వచ్చారు, "ఆయన" నవ్వారు. అన్నయ్యగారు రైల్లో తప్పిపోయారా?

ఇక వేళాకోళం చాలు. కాలు జారితే తీసుకోవచ్చు, నోరు జారితే తీసుకోలేం. నువ్వు నోటితో అన్నావు, ఆయన సరేనమ్మా అన్నాడు. ఇప్పుడు ఎవరో గార్డు పిల్ల మార్చుకోమందని మార్చుకోవడానికి ఇది స్టేషన్లో వరస కాదు. వచ్చిన సంబంధాలన్నిటికీ వంకలు పెట్టావు. ఒకడి మీసం నచ్చలేదు, ఒకడు టీ జుర్రుతున్నాడన్నావు, ఇంకొకడు మరీ మంచివాడన్నావు. నలభై దాటాక, నేల మీద బ్రేకు తొక్కుకునే ఆ ముసలాయన నచ్చాడా?

ఇక్కడ షాపు ఏం కావాలి? మీ అన్నకి కత్తెర ఇస్తే ఏం జరుగుతుందో రాశాను కదా. వచ్చే శుక్రవారం మధ్యాహ్నం బస్సుకి టికెట్టు తీయించాను, ఇందులో పెట్టాను. పని ముగించుకుని వచ్చెయ్యి.

కోపంగా రాశాను. చింపి మళ్ళీ రాద్దామనుకున్నాను, పార్సిలు ఆఫీసు మూసే వేళైంది.

వదిన


లేడీస్ హాస్టలు
మంగళవారం

వదినకి,

టికెట్టు అందింది. వస్తున్నాను. నా కోసం కూర్చుని కన్నీళ్ళు పెట్టకు, ఉత్తరం పూర్తిగా చదువు.

ముందు ఒక సంగతి. ఆయన ముసలాయన కాదు. యాభై కూడా నిండలేదు.

కర్టెన్లన్నీ తగిలించాం. ఇవాళ రైలు పోతుంటే చూశాను, మూడో అంతస్తు మొత్తం మర్యాదస్తుల వీధిలా ఉంది. చివరగా ఆయనింట్లో తగిలించాను. రింగులు సరిచేసి స్టూలు దిగాక ఆయన అడిగారు, "శుక్రవారం వెళ్ళిపోతున్నారా?" అని.

అవునన్నాను.

కొత్త కర్టెను ఒకసారి పక్కకి లాగి, మళ్ళీ మూశారు. తర్వాత, "మొదటిరోజు మీరు నన్ను ఒక మాట అన్నారు. అది అనకుండా ఉంటే నేను మిమ్మల్ని ఒక మాట అడిగేవాణ్ణి" అన్నారు.

ఏ మాట అన్నాను.

"అన్న మాట మీకు తెలుసు. అడగాల్సిన మాటా తెలుసు. కానీ చెల్లెలిలా నమ్మి ఇంట్లోకి వచ్చిన మనిషిని, నేను ఆ మాట దాటి ఎలా అడగను?"

వదినా, నోరు మూసుకోమని నువ్వు ఎన్నిసార్లు బతిమాలినా మూయని దాన్ని. అప్పుడు ఒక్క ముక్క రాలేదు. ఆ మాట నాకు అలవాటండీ, దానికి అర్థం లేదండీ అనొచ్చు. అంటే, అర్థం లేకుండా మాట్లాడే మనిషినవుతాను. ఊరుకుంటే నిజంగానే చెల్లెల్నవుతాను. ముందు నుయ్యి, వెనక గొయ్యి. టేపు చుట్టుకుని బయటికొచ్చేశాను.

కనపడిన మగాళ్ళందర్నీ అన్నయ్యా అన్నాను, ఒక్కడూ వినిపించుకోలేదు. వినిపించుకున్న ఒక్క మనిషి దగ్గర నాకు ఆ మాట అడ్డమైంది. నవ్వొస్తే నవ్వు. నాకైతే ఇవాళ రావడం లేదు.

ఇంకేం దాచను? నాకు ఆయనంటే ఇష్టం. మీసం ఉంది, టీ జుర్రుతారు, మరీ మంచివారు. ఏ వంకా వంకలా కనపడ్డం లేదు. ఆ ఇంటి గుమ్మం దిగుతుంటే ఏడుపొచ్చింది.

శుక్రవారం బస్సుకి వస్తాను. ఏమీ అడగకు.

నీ మరదలు


కర్టెన్ల షాపు
బుధవారం, షట్టరు సగం దించి

అన్నయ్యగారికి,

నమస్కారం. నేనెవరో మీకు తెలియదు. మీ ఇంటి కర్టెన్లు కుట్టిన షాపు మాది. మీ చిరునామా ఆర్డరు కాగితం మీద దొరికింది. బస్సు పార్సిలైతే మీరు వెళ్ళి తెచ్చుకోవాలి, అందుకే ఇంటికే చేరే కొరియరులో వేస్తున్నాను.

చూశారా, ఉత్తరం మొదట్లోనే మిమ్మల్ని అన్నయ్యగారూ అన్నాను. మా ఆడపడుచులా నోరు జారి కాదు. రెండుసార్లు చింపి, మూడోసారి కలం గట్టిగా పట్టుకుని రాశాను. మా అమ్మకి నేనొక్కదాన్నే. ఎవర్నీ అలా పిలిచే అవసరం ఇంతవరకూ రాలేదు.

ఇప్పుడు మీకొక చిక్కు వచ్చింది. మా ఆడపడుచు మిమ్మల్ని అన్నయ్య అంది. ఆవిడ వదిననైన నేనూ అన్నయ్య అన్నాను. మా ఇద్దరికీ మీరు అన్న కాలేరు, వరస ఒప్పుకోదు. నాకు అన్న అయితే ఆవిడకి బావ అవుతారు. ఆవిడకి అన్న అయితే నాకు బావో మరిదో అవుతారు. ఆవిడ అన్నది స్టూలు ఊగుతుందన్న భయంతో. నేను నేల మీద స్థిమితంగా కూర్చుని అన్నాను. ఎవరి మాటకి విలువివ్వాలో పెద్దవారు మీరే ఆలోచించండి.

మా ఆయనతో చెప్పాను. కత్తెర పక్కన పెట్టాడు. "అయితే నాకు బావమరిది వస్తాడా? పెళ్ళయి ఇన్నేళ్ళు వెక్కిరించడానికి ఒక్కడూ లేక అల్లాడిపోయాను" అన్నాడు. ఆయనకి సమ్మతమేనని దానర్థం.

నిజం చెప్పాలి. మొదట నేనే అడ్డం పడ్డాను. ఆవిడ వెళ్ళిపోతే ఈ షాపులో నాతో మాట్లాడేదెవరు, నవ్వేదెవరు అనుకున్నాను. ఇప్పుడూ అదే అనుకుంటున్నాను. రాస్తుంటే ఏడుపొస్తోంది, అయినా రాస్తున్నాను. ఆవిడ ఎదురుగా కూర్చుని నవ్వకుండా ఉంటే అది నేను చూడలేను.

ఆవిడ బస్సు శుక్రవారం మధ్యాహ్నం. ఈ ఉత్తరం సంగతి ఆవిడకి తెలియదు. చెల్లెలిగా మొట్టమొదటిసారి అడుగుతున్నాను, మీరు అడగాల్సిన మాట అడిగెయ్యండి.

మీ చెల్లెలు
(అవునో కాదో మీరే చెప్పాలి)


మూడో అంతస్తు, చివరి ఇల్లు
శుక్రవారం సాయంత్రం

చెల్లెమ్మకి,

అన్ననయ్యాను కాబట్టి నువ్వు అనే రాస్తున్నాను.

నీ ఉత్తరం ఇవాళే వచ్చింది, నేను పాఠానికి బయల్దేరుతుంటే. శిష్యురాలికి ఇవాళ పాఠం బస్టాండు వైపని చెప్పి కారు అటు పోనిమ్మన్నాను. పాపం, ఆ అమ్మాయి స్టీరింగు పట్టడం ఇది రెండోసారి. నేరుగా ఉండాల్సిన రోడ్డు తవ్వేసి ఉంది. చుట్టూ తిరిగి వెళ్ళేసరికి బస్సు కదులుతోంది.

కారు దిగి వెళ్ళి బస్సుకి అడ్డంగా నిలబడ్డాను. ఇలాంటి పని చేసేవాళ్ళకి లైసెన్సు ఇవ్వకూడదని ఇన్నేళ్ళూ నేనే చెప్పాను. డ్రైవరు తల బయటపెట్టి తిట్టాడు. కండక్టరు దిగొచ్చి ఏం కావాలన్నాడు. లోపల ఒకావిడ ఉంది, దింపాలి అన్నాను.

"ఆవిడ మీకేమవుతుంది?" అన్నాడు.

"ఇందాకటి దాకా చెల్లెలు. ఇప్పుడు మరదలు" అన్నాను. ఉత్తరం కూడా చూపించాను. అతను పూర్తిగా చదివి, పక్క సీట్లో వాళ్ళకిచ్చాడు. బస్సు సగం చదివాక గానీ అది మీ ఆడపడుచు చేతికి రాలేదు. కోప్పడకు. అందరూ నీ పక్షమే మాట్లాడారు.

తను చదివింది. కిటికీ వైపు తిరిగి కళ్ళు తుడుచుకుంది. నేను అడగాల్సిన మాట అక్కడే, హారన్ల మధ్య, అందరూ వింటుండగా అడిగాను. తను అవునని గానీ కాదని గానీ అనలేదు. లేచి మెట్ల దాకా వచ్చి, నా వంక చూసి, చిరాగ్గా అంది:

"ఏమండీ, అలా నిలబడి చూస్తారేం? నా పెట్టె దించండి."

దించాను.

మీ అన్నయ్య